నల్ల తుమ్మ ఇంటిపేరు ఎందుకు మారింది? జీవుల వర్గీకరణలో మెట్ల లెక్క

క్లుప్తంగా: ఏ జీవి దేనికి దగ్గరి చుట్టమో పరిశోధన తేలుస్తుంది. ఆ చుట్టాల గుంపును ప్రజాతి అనాలా, కుటుంబం అనాలా అన్నది మాత్రం శాస్త్రవేత్తలు కూర్చుని కుదుర్చుకునే ఒప్పందం. ఈ రెండు పనులూ ఒకే పేరులో ముడిపడి ఉండటం వల్లే శాస్త్రీయ నామాలు మారుతుంటాయి. తుమ్మ, జమ్మి, సర్కారు తుమ్మ కథలో ఈ ముడి బాగా కనిపిస్తుంది.

పాత వృక్షశాస్త్ర పుస్తకం తెరిస్తే నల్ల తుమ్మ పేరు అకేసియా నైలోటికా. ఇప్పటి డేటాబేసుల్లో అదే చెట్టు వాచెలియా నైలోటికా. సండ్ర చెట్టు, శీకాయ తీగ కూడా ఒకప్పుడు అకేసియాలే. ఇప్పుడవి సెనెగాలియాలు. సర్కారు తుమ్మను ప్రోసోపిస్ జూలిఫ్లోరా అని కంఠతా పట్టినవాళ్లకు 2022 తర్వాత నెల్టుమా జూలిఫ్లోరా అనే పేరు ఎదురవుతోంది. అదే ప్రోసోపిస్‌లో ఉన్న జమ్మి మాత్రం ప్రోసోపిస్ సినరేరియాగానే ఉండిపోయింది. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు ఇదో టెన్షన్: పుస్తకంలో ఒక పేరు, ఫోన్‌లో వెతికితే ఇంకో పేరు.

చెట్లు ఏమీ మారలేదు. వాటి చుట్టరికాల గురించి తెలిసింది కొంత మారింది. దాన్ని పేర్లలోకి ఎక్కించే నియమాలు మిగతా పని చేశాయి. ఈ రెండింటినీ విడదీసి చూస్తే గందరగోళం చాలావరకు తగ్గుతుంది.

ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత

స్వీడన్‌కు చెందిన కార్ల్ లినేయస్ 1753లో మొక్కలకు, 1758లో జంతువులకు రెండు మాటల పేర్లను స్థిరపరిచాడు. మొదటి మాట ప్రజాతి, అంటే జీనస్. రెండో మాట ఆ ప్రజాతిలో ఫలానా జాతి అని గుర్తుపట్టించేది. ఇంటిపేరు ముందు రాసి సొంత పేరు తర్వాత రాసుకునే తెలుగువాళ్లకు ఈ పద్ధతి అలవాటైనదే. ఇంగ్లీషువాళ్లే దీన్ని తిరగేసి చూసుకోవాలి.

పోలిక ఇంకొంచెం ముందుకు వెళ్తుంది. ఇంటిపేరు చూస్తే మనిషి ఏ ఇంటికి చెందినవాడో తెలుస్తుంది. ప్రజాతి పేరు కూడా అంతే, అది ఉత్త గుర్తు కాదు. ‘ఈ మొక్క ఫలానా గుంపులోది’ అనే ఒక వాదన అందులో ఉంది. ఆ వాదన తప్పని తేలితే పేరు మార్చక తప్పదు. పిన్‌కోడ్‌లా అర్థం లేని అంకె ఇచ్చి ఉంటే ఈ బెడద ఉండేది కాదు. కానీ పేరు చూడగానే చుట్టరికం తట్టడం అనే సుఖమూ ఉండేది కాదు.

ప్రజాతికి పైన నిచ్చెనలా మెట్లుంటాయి: కుటుంబం, క్రమం, విభాగం, వర్గం, రాజ్యం. ఇంటర్ పుస్తకాల్లో ఈ వరుస చూసినవాళ్లకు అవి ప్రకృతిలోనే ఉన్న మెట్లు అనిపిస్తుంది. నిజానికి అవి ఒక్కొక్కటీ ఒక్కో కాలంలో వచ్చి చేరాయి. లినేయస్ నిచ్చెనలో కుటుంబం అన్న మెట్టే లేదు. అంతకు ముందే, 1689లో, ఫ్రాన్స్‌లో పియర్ మాగ్నోల్ మొక్కలను కుటుంబాలుగా చూపించినా అది అందరి అలవాటు కావడానికి చాలా కాలం పట్టింది. వర్గం, అంటే ఫైలం, 1866లో జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ హేకెల్ ఇచ్చిన మాట. రాజ్యానికి కూడా పైన డొమైన్ అనే మెట్టును 1990లో కార్ల్ వోస్, ఆయన సహచరులు ప్రతిపాదించారు. అవసరం వచ్చినప్పుడల్లా మెట్ల మధ్య ఉపకుటుంబం, ఉపక్రమం లాంటి చిన్న మెట్లు దూరుస్తూనే ఉన్నారు.

లినేయస్ కాలానికి పరిణామం అన్న ఆలోచన ఇంకా నిలదొక్కుకోలేదు. ఆయన మొక్కలను ముఖ్యంగా పువ్వులోని కేసరాల లెక్కతో సర్దాడు. వాడుకోవడానికి తేలిక, చుట్టరికంతో సంబంధం తక్కువ. 1859లో డార్విన్ తన పుస్తకంలో ఒకే ఒక్క బొమ్మ వేశాడు. అది కొమ్మలు చీలుతూ పోయే వంశవృక్షం. అప్పటినుంచి వర్గీకరణ అంటే వంశవృక్షాన్ని చూపించాలి అని అందరూ ఒప్పుకున్నారు. ఎలా చూపించాలి అన్నదానికి గట్టి నియమం రావడానికి మాత్రం ఇంకో తొంభై ఏళ్లు పట్టింది.

ముత్తాత, ఆయన సంతానం అంతా

ఆ నియమం పెట్టినవాడు విల్లీ హెన్నిగ్ అనే జర్మన్ కీటక శాస్త్రవేత్త. 1950లో జర్మన్‌లో రాశాడు. 1966లో ఇంగ్లీషులో వచ్చాక ప్రపంచమంతా పాకింది. నియమం చెప్పడానికి తేలికే: ఒక గుంపుకు పేరు పెట్టాలంటే అందులో ఒక ముత్తాతా, ఆ ముత్తాత సంతానం మొత్తం ఉండాలి. ఒక్కరినీ వదిలేయకూడదు. పక్కింటివాళ్లను కలుపుకోకూడదు. ఇలాంటిదాన్ని ఏకవంశ గుంపు అంటున్నారు.

ఈ గీటురాయి మీద పెడితే అందరికీ తెలిసిన గుంపులే కొన్ని నిలబడవు. తొండ, మొసలి, కాకి ఈ మూడింటిలో మొసలికి దగ్గరి చుట్టం ఎవరంటే చాలామంది తొండ అంటారు. నిజానికి కాకి. మొసళ్లకూ పక్షులకూ ఉమ్మడి పూర్వీకుడు, తొండల శాఖ విడిపోయిన తర్వాత బతికినవాడు. కాబట్టి పక్షులను బయట ఉంచి మిగతావాటిని సరీసృపాలు అంటే, అన్నదమ్ముల్లో రెక్కలొచ్చినవాణ్ణి ఇంట్లోంచి పంపేసినట్టే. అందుకే ఇప్పటి వర్గీకరణల్లో పక్షులు సరీసృపాల కొమ్మలో ఒక రెమ్మ.

పోలికలను నమ్మితే ఎక్కడ మోసపోతామో తెలుగు పేర్లలోనే ఉంది. నాగజెముడు, ఆకుజెముడు రెండూ జెముడులే. రెండూ కండపట్టిన కాండం, ముళ్లు ఉన్న మెట్ట మొక్కలే. కానీ నాగజెముడు అమెరికా ఖండాలనుంచి వచ్చిన కాక్టస్. ఆకుజెముడు యుఫోర్బియా, తుంచితే పాలు కారుతుంది, ఆముదం ఉన్న కుటుంబం దానిది. ఎండా నీటి కొరతా రెండింటినీ వేర్వేరుగా ఒకే రూపానికి తెచ్చాయి.

ఇంకో చిక్కు, అన్ని పోలికలకూ సమాన విలువ ఉండదు. ఊరందరికీ ఉన్న లక్షణంతో అన్నదమ్ములను గుర్తుపట్టలేం. వెన్నెముక ఉండటం పులికీ పిల్లికీ మధ్య చుట్టరికానికి రుజువు కాదు, చేపకూ ఉంది కదా. ఒక కొమ్మలో కొత్తగా పుట్టి, ఆ కొమ్మ సంతానానికి మాత్రమే దక్కిన లక్షణమే సాక్ష్యం. హెన్నిగ్ ఇచ్చిన అసలు పనిముట్టు ఇదే. 1980ల తర్వాత డీఎన్ఏ అక్షరాలను వరుసగా పేర్చి పోల్చడం మొదలయ్యాక ఇలాంటి లక్షణాలు వేలల్లో దొరికాయి. మొక్కల్లో పత్రహరితం ఉండే క్లోరోప్లాస్ట్‌లకు సొంత డీఎన్ఏ ఉంటుంది. అందులోని రెండు మూడు జన్యువులను వందల జాతుల్లో చదివి, ఏ మార్పు ఎవరెవరికి ఉమ్మడిగా వచ్చిందో కంప్యూటర్‌తో లెక్క కట్టి వంశవృక్షం గీస్తారు. వేర్వేరు జన్యువులు వేర్వేరు వృక్షాలు చూపించే సందర్భాలూ ఉన్నాయి, ముఖ్యంగా జాతుల మధ్య సంకరం జరిగిన చోట. అందుకే ఒక్క జన్యువు మీద ఆధారపడి పేర్లు మార్చడం ఇప్పుడు తగ్గింది.

ఒక అకేసియా, అయిదు ముక్కలు

అకేసియా అనే మాట గ్రీకునుంచి వచ్చింది. నైలు నది ఒడ్డున పెరిగే తుమ్మకే ఆ పేరు. లినేయస్ 1753లో దాన్ని మిమోసా నైలోటికా అన్నాడు. మరుసటి ఏడాదే ఇంగ్లండ్ తోటమాలి ఫిలిప్ మిల్లర్ అకేసియాను వేరే ప్రజాతిగా విడదీశాడు. తర్వాత రెండు వందల ఏళ్లలో ఆఫ్రికా, ఆసియా, అమెరికా, ఆస్ట్రేలియాల్లో దొరికిన, బోలెడు కేసరాలతో కుచ్చుల్లాంటి పూలు పూసే చెట్లన్నీ అందులో చేరుతూ వచ్చాయి. జాతుల సంఖ్య 1,300 దాటింది. వాటిలో దాదాపు 1,000 ఆస్ట్రేలియావే.

ఇవన్నీ ఒకే ఇంటివి కావేమో అన్న అనుమానం డీఎన్ఏ రాకముందే ఉంది. ముళ్లు చూస్తే చాలు. నల్ల తుమ్మ ముల్లు తెల్లగా, నిటారుగా, ఆకు మొదట్లో జంటగా ఉంటుంది. ఆకు అడుగున ఉండే పత్రపుచ్ఛాలే అక్కడ ముళ్లుగా మారాయి. పొలం గట్టు మీద నడిచేవాళ్ల చెప్పుల్లోంచి దిగేది ఈ ముల్లే. సండ్ర ముల్లు చిన్నది, కొక్కెంలా వంగి ఉంటుంది, బట్టను పట్టి లాగుతుంది. అది పత్రపుచ్ఛం కాదు, కాండం పైపొర మీద లేచిన ముల్లు. శీకాయ తీగ పాకడానికి ఉపయోగపడేవీ ఇలాంటి కొక్కేలే. ఆస్ట్రేలియా చెట్లలో చాలావాటికి ముళ్లే లేవు. ఆకు కాడే చదునుగా సాగి ఆకులా పనిచేస్తుంది. మన రోడ్ల పక్కన, తోటల్లో పెంచే కొడవలి ఆకుల అకేసియా ఆరిక్యులిఫార్మిస్ అలాంటిదే.

డీఎన్ఏ వృక్షాలు ఈ అనుమానాన్ని ఖాయం చేసి, ఇంకో సంగతి కూడా బయటపెట్టాయి. ఆస్ట్రేలియా అకేసియాలకు నల్ల తుమ్మ కంటే దిరిసెన, సీమచింత దగ్గరి చుట్టాలు. అంటే పాత అకేసియా, ముత్తాత సంతానంలో కొందరిని బయట వదిలేసిన గుంపు. దీన్ని సరిచేయడానికి దారులు రెండే. దిరిసెన, సీమచింతలతో పాటు మధ్యలో ఉన్నవాటన్నిటినీ లాక్కొచ్చి ఒక మహా అకేసియా చేయాలి. లేదంటే అకేసియాను చీల్చాలి. మొదటి దారిలో ఇంకా ఎక్కువ పేర్లు మారతాయి, పైగా ఆ గుంపు అంత పెద్దదై దేనికీ పనికిరాదు. కాబట్టి చీల్చారు. అయిదు ప్రజాతులు వచ్చాయి: ఆస్ట్రేలియా గుంపు, నల్ల తుమ్మ గుంపు, సండ్ర గుంపు, అమెరికా ఖండాల్లో మరో రెండు చిన్నవి.

ఇక్కడివరకూ విజ్ఞానం. ఆస్తి పంపకాలు ముగిశాక ఇంటిపేరు ఎవరికి దక్కాలన్న తగవు మొదలైంది.

దీనికీ ఒక నియమం ఉంది. ప్రతి ప్రజాతికీ ఒక ఆధార జాతి ఉంటుంది, శాస్త్రవేత్తలు టైప్ అంటారు. ప్రజాతి చీలితే పేరు ఆధార జాతి ఎటు ఉంటే అటే పోతుంది. పెద్ద ముక్కా చిన్న ముక్కా అని చూడరు. అకేసియాకు ఆధార జాతి మన నల్ల తుమ్మే. ఆ లెక్కన అకేసియా పేరు సుమారు 160 జాతుల తుమ్మ గుంపుకు దక్కాలి, ఆస్ట్రేలియాలోని 1,000 జాతులు పేరు మార్చుకోవాలి. వాటి కోసం రాకోస్పెర్మా అనే పేరు సిద్ధంగా కూడా ఉంది.

ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. 2003లో ఒక ప్రతిపాదన పెట్టారు: ఆధార జాతినే మార్చి ఒక ఆస్ట్రేలియా జాతిని దాని స్థానంలో పెడితే మారాల్సిన పేర్ల సంఖ్య బాగా తగ్గుతుందని. నియమావళిలో ఇలాంటి మినహాయింపుకు చోటుంది, పేర్ల స్థిరత్వం కోసం. సంబంధిత కమిటీలు ఆమోదించాయి. 2005లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభలో విషయం ఓటుకు వచ్చింది. ఓటేసినవాళ్లలో సగానికి పైగా ప్రతిపాదనను వ్యతిరేకించారు. కానీ కమిటీ సిఫారసును తోసిపుచ్చాలంటే 60 శాతం కావాలి, అంత రాలేదు. దాంతో సిఫారసే నిలిచింది. ఎక్కువమంది వద్దన్నది ఎలా నెగ్గుతుందని ఆఫ్రికా వైపువాళ్లు ఆరేళ్లు వాదించారు. ఆఫ్రికా గడ్డి మైదానం బొమ్మ గీస్తే గొడుగులాంటి అకేసియా చెట్టు లేకుండా ఉండదు, ఆ చెట్టు ఇకమీద అకేసియా కాదంటే మింగుడు పడటం కష్టమే. 2011లో మెల్‌బోర్న్ మహాసభ 2005 నిర్ణయాన్ని ఖాయం చేసింది.

అలా నల్ల తుమ్మ, తెల్ల తుమ్మ వాచెలియాలయ్యాయి. ఈ పేరు కొత్తగా కల్పించిందేమీ కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా పనిచేసిన రాబర్ట్ వైట్, ఆయన సహచరుడు ఆర్నాట్ 1834లో దక్షిణ భారత మొక్కల గురించి రాస్తూ పెట్టిన పేరు. పక్కన పడి ఉన్నదాన్ని దాదాపు 170 ఏళ్ల తర్వాత దుమ్ము దులిపి వాడుకున్నారు. వర్గీకరణలో పాత పేర్లు చచ్చిపోవు. ఎప్పుడో ఒకప్పుడు వాటికి పని పడుతుంది.

ఓటు తేల్చింది చుట్టరికాన్ని కాదు. ఓటు ఎటు పడినా అకేసియా అయిదు ముక్కలే, నల్ల తుమ్మ, ఆస్ట్రేలియా చెట్టు దూరపు చుట్టాలే. బోర్డు మీద ఏ పేరు రాయాలన్నది మాత్రమే అక్కడ తేలింది. శాస్త్రవేత్తలు ఓట్లేసి సత్యాన్ని నిర్ణయిస్తారా అని ఎగతాళి చేసేవాళ్లు గమనించనిది ఈ తేడానే.

జమ్మి ఉండిపోయింది, సర్కారు తుమ్మ వెళ్లిపోయింది

ప్రోసోపిస్ విషయంలో ఇదే నియమం గొడవ లేకుండా పనిచేసింది. యాభై పైచిలుకు జాతులున్న ఆ ప్రజాతి కూడా ఏకవంశం కాదని తేలడంతో 2022లో దాన్ని నాలుగుగా విడదీశారు. ప్రోసోపిస్‌కు ఆధార జాతి లినేయస్ 1767లో భారతదేశపు మొక్కను చూసి వర్ణించిన జమ్మి. కాబట్టి పేరు జమ్మి దగ్గరే ఆగింది. దానితో పాటు మిగిలినవి పాత ప్రపంచానికి చెందిన రెండే. అమెరికా ఖండాల జాతుల్లో ఎక్కువ భాగం నెల్టుమా అయ్యాయి. సర్కారు తుమ్మ వాటిలో ఒకటి.

దసరాకు పూజించే చెట్టు, తెలంగాణ రాష్ట్ర వృక్షం ఒకవైపు. 1877 ప్రాంతంలో వంటచెరకు కోసం మద్రాసు అటవీ అధికారులు తెప్పించి, కడప జిల్లా కమలాపురంలో నాటి, ఆ తర్వాత చెరువులూ బీళ్లూ ఆక్రమించిన చెట్టు మరోవైపు. వీటికి ఇన్నాళ్లూ ఒకే ఇంటిపేరు ఉండటం విచిత్రంగానే ఉండేది. అయితే ప్రజాతి విడదీతకు మంచి చెడ్డలతో సంబంధం లేదు. జమ్మి వేరేవాటి కంటే సర్కారు తుమ్మకు దగ్గరా కాదా అన్నదే లెక్క.

మరి తెలుగు జనం సర్కారు తుమ్మను తుమ్మ అనడం తప్పా? అది నల్ల తుమ్మకు అంత దగ్గరి చుట్టం కాదు, నిజమే. కానీ ఊళ్లో పెట్టే పేరు చేసే పని వేరు. ముల్లు, కట్టె, బొగ్గు, మేకలు తినే కాయ, ఇవి కనిపిస్తే అది తుమ్మ. ముందున్న సర్కారు అన్న మాట ఎవరు తెచ్చి పెట్టారో కూడా చెబుతోంది. శాస్త్రీయ నామం ఆ ముక్క చెప్పదు.

మెట్టు ఎత్తు కొలిచే కర్ర లేదు

వంశవృక్షం తేలిపోయిందనే అనుకుందాం. అయినా దానిలో ఏ కొమ్మను ప్రజాతి అనాలి, ఏ కొమ్మను కుటుంబం అనాలి? దీనికి జవాబు వృక్షంలో లేదు. హెన్నిగ్ నియమం గుంపు ఎలా ఉండాలో చెబుతుంది తప్ప ఎంత పెద్దదిగా ఉండాలో చెప్పదు. కాగితం మీద అడ్డంగా గీత ఎక్కడ గీసినా నియమానికి అభ్యంతరం లేదు.

దీనివల్ల ఒకే పేరున్న మెట్లు ఒకే ఎత్తులో ఉండవు. గింగ్కో అనే చైనా చెట్టు ఒక్కటే జాతి. దాని ప్రజాతిలో అదొక్కటే, కుటుంబంలో అదొక్కటే, క్రమంలోనూ అదొక్కటే. మరోవైపు ముక్కు పురుగుల కుటుంబం ఒక్కదానిలోనే యాభై వేలకు పైగా జాతులు. రెండింటినీ కుటుంబం అనే అంటున్నాం. కాలం లెక్కలోనూ అంతే. మనిషి, చింపాంజీ శాఖలు విడిపోయి సుమారు 60, 70 లక్షల ఏళ్లయింది, అయినా వేర్వేరు ప్రజాతుల్లో ఉన్నాయి. అరటిపండు మీద వాలే పండు ఈగల ప్రజాతి డ్రోసోఫిలాలోని కొమ్మలు విడిపోయి కోట్ల ఏళ్లయింది, అవన్నీ ఇంకా ఒకే ప్రజాతి. మనిషి తనను తాను వర్గీకరించుకునేటప్పుడు కాస్త ఎక్కువ మెట్లు ఇచ్చుకున్నాడని ఇక్కడ అనుమానించడం అన్యాయమేమీ కాదు.

విడిపోయిన కాలాన్ని బట్టి మెట్టు ఇద్దామని హెన్నిగే ఒక దశలో సూచించాడు. ఫలానా కాలానికి ముందు విడిపోతే కుటుంబం, తర్వాతైతే ప్రజాతి అన్నట్టు. వినడానికి న్యాయంగా ఉంది. అమలు చేస్తే వాడుకలో ఉన్న పేర్లలో చాలావాటిని మార్చాల్సి వస్తుంది. అందుకే ఎవరూ ముందుకు రాలేదు. మెట్లే వద్దు, కొమ్మలకు పేర్లు పెడితే చాలు అనే వర్గం ఫైలోకోడ్ అనే నియమావళిని తయారు చేసి 2020లో ప్రచురించింది. దాన్ని వాడేవాళ్లు ఉన్నారు గానీ, తక్కువ.

మరి ఆచరణలో గీత ఎక్కడ గీస్తారు? గుంపు కంటికి కనిపించే లక్షణాలతో గుర్తుపట్టేలా ఉందా, పేర్లు వీలైనంత తక్కువ మారతాయా, గుంపు సైజు వాడుకోవడానికి అనువుగా ఉందా, ఇవి చూస్తారు. ఇవి సౌకర్యాలు. అందుకే ఇద్దరు నిపుణులు ఒకే వృక్షాన్ని చూసి, ఒకరు కలపాలని, ఒకరు విడదీయాలని అనొచ్చు, ఇద్దరిదీ తప్పు కాకపోవచ్చు.

టమాటా, పండు ఈగ ఈ విషయంలో పక్కపక్కన పెట్టి చూడదగినవి. టమాటాను లినేయస్ వంకాయ, బంగాళాదుంపలున్న సొలానం‌లో పెట్టాడు. అకేసియాను విడదీసిన మిల్లరే టమాటాను కూడా లైకోపెర్సికాన్ అని వేరు చేశాడు. రెండు శతాబ్దాల తర్వాత డీఎన్ఏ చూస్తే టమాటా బంగాళాదుంపకు తోబుట్టువు లాంటిది, వంకాయ వాటికి కొంచెం దూరం. టమాటాను వేరుగా ఉంచితే మిగిలిన సొలానం ఏకవంశం కాకుండా కుంటిదవుతుంది. వెయ్యికి పైగా జాతులున్న సొలానంను ముక్కలు చేయడం కంటే కొద్దిపాటి టమాటా జాతులను వెనక్కి తేవడమే చవక. తెచ్చారు. లినేయస్ మాటే నెగ్గినట్టయింది.

డ్రోసోఫిలా కూడా ఏకవంశం కాదు. ప్రయోగశాలల్లో వందేళ్లకు పైగా వాడుతున్న డ్రోసోఫిలా మెలనోగాస్టర్ ఆధార జాతి ఉన్న కొమ్మలో లేదు. చీలిస్తే అది సోఫోఫోరా మెలనోగాస్టర్ కావాలి. లెక్కలేనన్ని జన్యుశాస్త్ర వ్యాసాల్లో ఉన్న పేరు అది. ఆధార జాతి హోదా మెలనోగాస్టర్‌కే ఇచ్చి పేరును కాపాడమని జంతునామాల అంతర్జాతీయ కమిషన్‌కు దరఖాస్తు పెట్టారు. 2010లో కమిషన్ తిరస్కరించింది. అకేసియాకు దొరికిన మినహాయింపు ఈగకు దొరకలేదు. ఆ తర్వాత పరిశోధకులు అంతకంటే తేలికైన దారి పట్టారు: ప్రజాతిని చీల్చకుండా వదిలేశారు. డ్రోసోఫిలా ఇప్పటికీ డ్రోసోఫిలానే, లోపల ఉన్నదంతా తెలిసినా.

కుటుంబాల్లో చేరికలు, చీలికలు

పైమెట్టులోనూ ఇదే జరిగింది. డిగ్రీలో బెంథామ్, హుకర్‌ల పద్ధతి చదివినవాళ్లకు 1998లో మొదలై 2016 నాటికి నాలుగుసార్లు వచ్చిన ఏపీజీ (పూల మొక్కల చుట్టరికాలు తేల్చే శాస్త్రవేత్తల బృందం) వర్గీకరణ కొత్త ఊరిలా ఉంటుంది. బూరుగ, జనపనార, చాక్లెట్ చేసే కోకో వేర్వేరు కుటుంబాల్లో ఉండేవి. ఇప్పుడవన్నీ పత్తి, బెండ, గోంగూరలున్న మాల్వేసిలో చేరిపోయాయి. జిల్లేడు గన్నేరు ఇంటికి చేరింది. పాలకూర, తోటకూర కుటుంబాలు కలిసిపోయాయి, దీనికి కొందరు నిపుణులు ఇంకా ఒప్పుకోవడం లేదు. అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది టేకు. అంత పెద్ద మానూ, కోటలో పెంచుకునే తులసీ ఇప్పుడు ఒకే కుటుంబం, లామియేసి. వావిలి కూడా అక్కడికే వచ్చింది.

చిక్కుడు కుటుంబంలో మాత్రం చీలిక వచ్చింది. అందులో మూడు ఉపకుటుంబాలని చాలాకాలం పాఠం. 2017లో ప్రపంచంలోని ఈ కుటుంబ నిపుణులు చాలామంది కలిసి దాన్ని ఆరుగా మార్చారు. పాత పాఠంలో చింత, తంగేడు, దేవకాంచనం ఒకే ఉపకుటుంబం. కొత్త పాఠంలో మూడూ మూడు వేర్వేరు ఉపకుటుంబాలు. తుమ్మ, అత్తిపత్తి, జమ్మి ఉండే మిమోసా గుంపు ఉపకుటుంబం హోదా పోగొట్టుకుని తంగేడు ఉన్న ఉపకుటుంబం లోపల ఒక కొమ్మ అయింది. ఆ గుంపు తప్పని కాదు. అది చక్కటి ఏకవంశమే. దాన్ని విడిగా ఉంచితే తంగేడు గుంపు ఏకవంశం కాకుండా పోతుంది, అంతే.

జాతి అన్న మెట్టు

జాతి మెట్టు మిగతావాటికంటే కొంచెం నేల మీద ఉంది. రెండు గుంపులు ప్రకృతిలో కలిసి పిల్లలను కంటున్నాయా, ఆ పిల్లలకు మళ్లీ సంతానం కలుగుతోందా అన్నది పరీక్షించగల ప్రశ్న. కానీ దూరదూరంగా బతికే గుంపుల విషయంలో ఆ పరీక్ష ఉండదు. అప్పుడు తేడా ఎంత ఉంటే చాలు అన్నది మళ్లీ నిర్ణయమే. 2024లో రాచనాగును, అంటే కింగ్ కోబ్రాను, ఒక జాతినుంచి నాలుగు జాతులుగా విడదీశారు. పడమటి కనుమల పాముకు కాళింగ అన్న పేరు దక్కింది.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. ఒంగోలు జాతి ఎద్దు అన్నప్పుడు జాతి అంటే బ్రీడ్, పెంపకంలో మనిషి నిలబెట్టినది. పుస్తకంలో జాతి అంటే స్పీసీస్. ఒంగోలు పశువులు, బ్రెజిల్‌లో వాటి సంతానమైన నెలోర్ పశువులు, పుంగనూరు పొట్టి ఆవులు అన్నీ మూపురమున్న ఒకే రకం. వాటిని మూపురం లేని ఐరోపా పశువులతో కలిపి ఒకే జాతి అనాలా, వేరే జాతి అనాలా అన్నదానిలో కూడా రెండు వాడుకలున్నాయి. వాటి మధ్య సంకరం సులువుగా జరుగుతుంది, జెర్సీ సంకరాలున్న ప్రతి పాడి రైతుకూ తెలిసినదే.

పేరు మారితే ఏం మారుతుంది

హోదా మార్పు కాగితం దగ్గరే ఆగదు. వన్యప్రాణి చట్టాల జాబితాలు, ఎర్రచందనం లాంటివాటి అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటీస్ జాబితాలు శాస్త్రీయ నామాలతో నడుస్తాయి. 2021లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఆఫ్రికా ఏనుగును రెండు జాతులుగా లెక్కించింది. అంతవరకు ఒకే జాతిగా, ఓ మోస్తరు ప్రమాదంలో ఉన్నట్టు కనిపించిన ఏనుగుల్లో, అడవి ఏనుగు అంతరించే అంచున ఉందని బయటపడింది. మైదానం ఏనుగు సంఖ్య చాటున అది దాక్కుని ఉంది. 2025లో జిరాఫీని నాలుగు జాతులుగా గుర్తించడానికీ ఇలాంటి ప్రభావమే ఉంటుంది.

లెక్కలు వేసేవాళ్లకు ఇంకో హెచ్చరిక. ఒక అడవిలో ఎన్ని కుటుంబాలు, ఏ ప్రళయంలో ఎన్ని కుటుంబాలు నశించాయి అని లెక్కించడం పాత అలవాటు. మెట్లు సమానం కానప్పుడు ఆ అంకెలను అడవికీ అడవికీ పోల్చడం, రూపాయలనూ డాలర్లనూ ఒకే వరుసలో కూడటం లాంటిది. అందుకే 1990లనుంచి కొందరు పరిశోధకులు వంశవృక్షంలో కొమ్మల మొత్తం పొడవును కొలుస్తున్నారు. అక్కడ హోదాలతో పని లేదు.

విద్యార్థికి, నర్సరీ నడిపేవాళ్లకు, ఆయుర్వేద మూలికలు కొనేవాళ్లకు ఆచరణలో ఒక కిటుకు పనికొస్తుంది. ఇంటిపేరు మారినా సొంత పేరు చాలావరకు అలాగే ఉంటుంది. నైలోటికా నైలోటికాగానే ఉంది, జూలిఫ్లోరా జూలిఫ్లోరాగానే ఉంది. రెండో మాటతో వెతికితే పాతదీ కొత్తదీ రెండూ దొరుకుతాయి. పాత పేరు రాస్తే తప్పు కాదు, దాన్ని పర్యాయ నామం అంటారు. మంచి డేటాబేసులు రెండింటినీ కలిపే చూపిస్తాయి. హెర్బేరియంలో ఎండబెట్టిన మొక్క కాగితం మీద కూడా పాత చీటీని చింపరు. దాని పక్కనే కొత్త పేరు, తేదీ, నిర్ణయించినవారి సంతకంతో ఇంకో చీటీ అంటిస్తారు.

సండ్ర, శీకాయల చీటీల పక్కన ఇంకొంచెం ఖాళీ ఉంచుకోవడం మంచిది. సెనెగాలియానుంచి కొన్ని అమెరికా జాతులను ఇప్పటికే బయటికి తీశారు. మిగిలినదంతా ఒకే ముత్తాత సంతానమేనా అన్న పరిశోధన ఇంకా నడుస్తోంది.